పెన్నులమ్మిన వీధి, డ్రమ్ములెత్తిన ఫ్యాక్టరీ: జానీ లీవర్‌కు నవ్వు నేర్పిన బడులు

మంచాల నుంచి రామోజీ ఫిల్మ్ సిటీ ఎంతో దూరం లేదు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వాడల్లో పెరిగే పిల్లలకు సినిమా అంటే థియేటర్‌లో చూసేది మాత్రమే కాదు, బండెక్కితే గేటు దాకా చేరగలిగేది కూడా. గేటు దాటడమే కష్టం. కేటరింగ్ పనికో, సెట్ పనికో, గుంపులో నిలబడే వేషానికో పోయి వచ్చినవాళ్లు ఈ వైపు కనబడుతూనే ఉంటారు. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి స్టేజీ ఎక్కి, నాయకుల గొంతులు, సార్ల నడక అనుకరించి వాడంతటినీ నవ్వించే పిల్లలూ ఉంటారు.

అలాంటి పిల్లాడికి పెద్దలు రెండు మాటల్లో ఏదో ఒకటి చెప్తారు. ఒకటి: "నీకు టాలెంట్ ఉంది బిడ్డా, ఎప్పటికైనా పైకొస్తవ్." రెండోది: "సినిమాలు మనకెందుకురా, పోయి పని చూసుకో." రెండింటిలోనూ సగం నిజమే ఉంది. మిగతా సగం తెలియాలంటే ఒక తెలుగు వలస కుటుంబం నుంచి వచ్చి హిందీ తెర మీద 300కు పైగా సినిమాలు చేసిన జానీ లీవర్ కథను పనుల వరుసలో చదవాలి. తెర మీదికి రాకముందు ఆయన ఏ పనులు చేశారు, ఏ పని ఆయనకు ఏం నేర్పింది అన్నదే ఇక్కడ ప్రశ్న.

కనిగిరి నుంచి ధారావికి

జానీ లీవర్ అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957 ఆగస్టు 14న కనిగిరిలో ఒక తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. కనిగిరి అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో కొత్తగా ఏర్పడ్డ జిల్లాలో కలిసింది. ఆ మెట్ట ప్రాంతం కరువుకు పేరు. బతుకుదెరువుకు బొంబాయి పోవడం తెలుగు పేదలకు కొత్త కాదు. తెలంగాణ నుంచి పోయిన కామాటీ కూలీల పేరు మీదనే అక్కడ కామాటిపురా వెలిసింది. పాలమూరు కూలీలు ఆ నగరంలో కట్టిన గోడలకు లెక్క లేదు.

ప్రకాశరావు తండ్రి హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో ఆపరేటర్. కుటుంబం ఉన్నది మాటుంగా, కింగ్స్ సర్కిల్, ధారావి ప్రాంతంలో. ముగ్గురు అక్కచెల్లెళ్లు, ఇద్దరు అన్నదమ్ములున్న ఇంట్లో పెద్ద కొడుకు. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి ఇంగ్లిష్ హైస్కూల్‌లో 7వ తరగతి దాకా చదివారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది రావడంతో చదువు అక్కడే ఆగింది.

ఇక్కడొక్క క్షణం ఆగాలి. "చదువు లేకున్నా గొప్పోడయ్యాడు" అని ఇలాంటి కథలను మనకు చెప్తుంటారు. చదువు ఆగడం ఆ పిల్లాడు ఎంచుకున్నది కాదు. ఇల్లు గడవక బడి మానేసిన లక్షల మందిలో ఒకరు తెర మీద కనబడ్డారు. కనబడని మిగతావాళ్లకు ప్రతిభ లేదని దాని అర్థం కాదు.

మొదటి బడి: ఫుట్‌పాత్

బడి మానేశాక చేసిన చిల్లర పనుల్లో ముఖ్యమైనది బొంబాయి వీధుల్లో పెన్నులమ్మడం. పక్కవాళ్లూ అవే పెన్నులు అమ్ముతున్నప్పుడు జనం మన దగ్గరే ఎందుకు ఆగాలి? ఆ పిల్లాడు సినిమా హీరోల గొంతులు తీశాడు, వాళ్ల పాటలకు చిందేశాడు. జనం ఆగారు, నవ్వారు, పెన్ను కొన్నారు.

నటనా శిక్షణలో 'టైమింగ్' అని పెద్ద పేరు పెట్టి నేర్పేది ఇదే. నడిచిపోయే మనిషిని మొదటి నాలుగు క్షణాల్లో ఆపాలి. ఆగినవాడు కదిలేలోపు ఇంకో నవ్వు పడాలి. నవ్వు మీద ఉన్నప్పుడే చెయ్యి జేబులోకి పోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ పూట అన్నానికి తక్కువ పడుతుంది. జాతరల్లో గాజులమ్మేవాళ్లు, బస్సుల్లో పల్లీలమ్మేవాళ్లు రోజూ చేసేది కూడా ఈ విద్యే. దానికి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి దాన్ని విద్య అనరు.

రెండో బడి: ఫ్యాక్టరీ

తర్వాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్‌లోనే కూలీగా చేరారు. అక్కడ సుమారు ఆరేళ్లు పనిచేశారు. వంద కిలోల డ్రమ్ములు మోసిన రోజుల గురించి ఆయన తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. పని మధ్యలో తోటి కార్మికులను నవ్వించేవారు. ఒకసారి కంపెనీ ఫంక్షన్‌లో స్టేజీ ఎక్కి పై అధికారులను అనుకరించారు. కార్మికులు విరగబడి నవ్వారు. ఆ రోజు నుంచి వాళ్లే ఆయన్ను 'జానీ లీవర్' అని పిలిచారు.

ఆ పేరును కాస్త విప్పి చూడాలి. లీవర్ అన్నది బ్రిటన్‌లో సబ్బుల వ్యాపారం పెట్టిన కుటుంబం పేరు. మన దేశంలో మనిషి ఇంటిపేరు అడగడం చాలాసార్లు కులం అడగడమే. ఇల్లు అద్దెకు అడిగినా, ఉద్యోగం అడిగినా ముందు ఎదురయ్యే ప్రశ్న అదే. ఈ మనిషికి తోటి కార్మికులు ఇచ్చిన ఇంటిపేరు మాత్రం కులం చెప్పదు, ఆయన చేసిన పని చెబుతుంది. డ్రమ్ములు మోసిన కూలీ యజమాని పేరును తన పేరుగా చేసుకున్నాడు. ఇప్పుడు 'లీవర్' అంటే చాలామంది భారతీయులకు గుర్తొచ్చేది ఆ సబ్బుల దొర కాదు, ఈ కూలీ.

ఇంకో విషయం ఉంది. ఫ్యాక్టరీలో ఆ నవ్వు కింది నుంచి పైకి పోయింది. మోసేవాడు మోయించేవాణ్ణి చూసి నవ్వాడు. అణగారినవాళ్ల హాస్యానికి ఉన్న పాత బలం అదే. ఎదురు చెప్పలేని చోట అనుకరించి చూపడం.

మూడో బడి: ఆర్కెస్ట్రా

పని చేస్తూనే సాయంత్రాలు ఆర్కెస్ట్రా ప్రోగ్రాముల్లో మిమిక్రీ చేశారు. పాటకూ పాటకూ మధ్య ఖాళీని నింపడం అక్కడ మిమిక్రీ ఆర్టిస్టు పని. జనం టికెట్ కొన్నది గాయకుల కోసం, ఆయన కోసం కాదు. వాళ్ల చేత 'ఇంకోసారి' అనిపించుకోవాలి. స్టేజీ షోల మీద సంపాదన పెరిగాకే 1981లో ఉద్యోగం వదిలారు.

ఈ వరుసను గుర్తుపెట్టుకోవాలి. ఆయన జీతం వదిలి కలవైపు దూకలేదు. కల జీతం ఇవ్వడం మొదలుపెట్టాక ఉద్యోగం వదిలారు. పొలం, ఆస్తి, సినిమాల్లో బంధువులు ఉన్నవాళ్లు పడిపోతే పట్టుకునే చేతులుంటాయి. ఇంటికి పెద్ద కొడుకైన కూలీకి ఆ వెసులుబాటు లేదు.

సంగీత దర్శకులు కల్యాణ్‌జీ - ఆనంద్‌జీల బృందంతో దేశవిదేశాల్లో ప్రోగ్రాములు చేశారు. అక్కడి నుంచి సినిమా వేషాలు వచ్చాయి. సునీల్ దత్ తన 'దర్ద్ కా రిష్తా' (1982)లో అవకాశమిచ్చారు. 'హసీ కే హంగామే' అనే హాస్య క్యాసెట్ ఇంటింటికీ ఆయన గొంతును చేర్చింది. 1986లో 'హోప్ 86' అనే ఛారిటీ షోలో సినిమావాళ్ల ముందు ఖాళీ నింపడానికి స్టేజీ ఎక్కారు. అది చూసిన నిర్మాత గుల్ ఆనంద్ 'జల్వా' (1987)లో వేషమిచ్చారు. దేశమంతా గుర్తుపట్టింది మాత్రం 1993లో వచ్చిన 'బాజీగర్'తో. అప్పటికి ఆయన వయసు 36, ఉద్యోగం వదిలి 12 ఏళ్లు.

తెర మీద నవ్వు ఎటు పోయింది?

'బాజీగర్'లో ఆయన పాత్ర బాబూలాల్, మతిమరుపు ఉన్న ఇంటి నౌకరు. ఆ పాత్రలో చాలా భాగం తాను సెట్‌లో అప్పటికప్పుడు అల్లుకున్నదేనని ఆయన చెప్పారు. తర్వాత 'దీవానా మస్తానా', 'దూల్హే రాజా' సినిమాలకు ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి.

ఫ్యాక్టరీ స్టేజీ మీద యజమానులను చూపి నవ్వించిన మనిషికి సినిమా ఇచ్చింది నౌకరు వేషం. అక్కడ పైకి పోయిన నవ్వు ఇక్కడ కిందికి తిరిగింది. ఆ చిన్న పాత్రలో కూడా తన తెలివితో హీరోలతో సమానంగా గుర్తుండిపోవడం ఆయన గెలుపు. ఆయనలాంటి మనిషికి నౌకరు వేషమే దొరకడం మాత్రం పరిశ్రమ తీరు.

తెలుగు తెర వేరేమీ కాదు. ఖమ్మం జిల్లా బీరోలులో పుట్టిన బాబూమోహన్ రెవెన్యూ శాఖ ఉద్యోగం నుంచి సినిమాల్లోకి వచ్చారు. 'మామగారు' (1991)లో బిచ్చగాడి వేషం ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. కోట శ్రీనివాసరావుతో ఆయన జంట సూపర్ హిట్. ఆ జంటలో నవ్వు చాలాసార్లు ఒకరు తన్నడం, ఇంకొకరు తన్నులు తినడం మీదే నడిచింది. తన్నులు తినే వంతు ఎక్కువగా బాబూమోహన్‌దే. అదే మనిషి అందోల్ ఎస్సీ రిజర్వుడ్ స్థానం నుంచి ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి అయ్యారు. తెర ఇవ్వని కుర్చీని రాజ్యాంగం ఇచ్చింది.

మన పిల్లలకు ఏం చెప్పాలి?

మంచాల, ఆరుట్ల, జాపాల, లోయపల్లి పిల్లాడో, పిల్లో "నేను యాక్టర్‌నైతా" అంటే ఏమనాలి? పొమ్మనాలి, కానీ దారి చెప్పి పంపాలి.

జానీ లీవర్‌కు దొరకని చదువు దారి ఇప్పుడు దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగముంది. కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు అక్కడ హక్కు. ఇంజినీరింగ్ సీటు గురించి వాడల్లో జరిగే చర్చ ఈ సీటు గురించి కూడా జరగాలి.

వేషం ఇప్పిస్తానని డబ్బులడిగే ఏజెంటును నమ్మొద్దు. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, తీసుకోడు. మొదటి వేషం వచ్చిందని ఉన్న పని వదలొద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, చేసే పనిని చూసి సిగ్గుపడొద్దు. అడ్డా మీది బేరం, హోటల్‌లో యజమాని గద్దింపు, ఆటోలో ఎక్కే రకరకాల మనుషులు, ఇవన్నీ నటుడికి సరుకే.

వాడ పెద్దలకూ ఒక మాట. జానీ లీవర్‌కు పేరు పెట్టింది నిర్మాతలు కాదు, కలిసి డ్రమ్ములు మోసిన కార్మికులు. మొదటి స్టేజీ, మొదటి చప్పట్లు వాళ్లవే. వచ్చే జయంతి సభలో వక్తల ప్రసంగాల మధ్య ఆ నవ్వించే పిల్లాడికి ఐదు నిమిషాలు కాదు, అరగంట ఇవ్వండి. మైకు చేతికిచ్చి ఎవరిని అనుకరిస్తాడో చూడండి. అక్కడ మాత్రం నవ్వు ఎటు పోవాలో వాడే తేల్చుకుంటాడు.