మీకు తెలుసా? మూరెడంటే ఎన్ని సెంటీమీటర్లో!

టేపులు, స్కేళ్లు రాకముందు మనిషి ఒళ్లే కొలబద్ద. అవన్నీ ఉజ్జాయింపు కొలతలేనని కొట్టిపారేస్తుంటాం కానీ వాటి వెనక పక్కా లెక్క ఉంది.

1. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు. మూడు బెత్తెలు జానెడు. రెండు జానలు మూర. నాలుగు మూరలు బార. మనిషి పొట్టయినా పొడుగయినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు.

2. ఇప్పటి లెక్కలో బెత్తెడు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు. జానెడు 22.86, మూర 45.72 సెంటీమీటర్లు. బార 6 అడుగులు, అంటే 1.83 మీటర్లు.

3. పాత గ్రంథాల్లోని అంగుళం, మన టేపు మీది అంగుళం ఒకటి కావు. పాతది వేలి వెడల్పు, సుమారు 1.9 సెంటీమీటర్లు. ఇప్పటిది 2.54. ఈ తేడా చూసుకోకపోతే లెక్కంతా తప్పుతుంది.

4. మరి ఎవరి వేలితో కొలవాలి? మధ్యరకం మనిషి మధ్యవేలి నడిమి వెడల్పే అంగుళమని కౌటిల్యుడి అర్థశాస్త్రం తేల్చింది. ఎనిమిది యవగింజల నడిమి వెడల్పునూ అంగుళంగానే లెక్కించింది.

5. చేతులు బారజాపితే ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చే కొలత దాదాపు మన ఎత్తుకు సమానం. చరక సంహిత ఈ సంగతి చెప్పింది. 1490 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి గీసిన ప్రసిద్ధ చిత్రంలోనూ ఇదే కనిపిస్తుంది.

6. ఈజిప్టు రాజమూర మన మూరకన్నా పెద్దది, సుమారు 52.4 సెంటీమీటర్లు. గీజా మహా పిరమిడ్ అడుగుభాగం ఒక్కో పక్క 440 రాజమూరలు, అంటే సుమారు 230 మీటర్లు.

7. పూలమ్మే ఆమె దండను మోచేతి దగ్గర ఆనించి మధ్యవేలి కొస దాకా లాగి కొలుస్తుంది. ఒకామె మూర 42, ఇంకొకామెది 46 సెంటీమీటర్లు అనుకుందాం. పది మూరలు కొంటే తేడా 40 సెంటీమీటర్లు. అంటే దాదాపు ఒక మూర పూలు!

8. రెండు మూరలు గజం. ఇప్పటి గజం సరిగ్గా 91.44 సెంటీమీటర్లు. ఆరు గజాల చీర 5.49 మీటర్లు. మన దేశం మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం చేసుకున్నా, హైదరాబాద్‌లో ఇంటిస్థలం బేరం నేటికీ గజాల్లోనే సాగుతుంది. 200 చదరపు గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు.

ఒక్కసారి టేపు తీసి మీ జానెడు, మూర, బార ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాసిపెట్టుకోండి. పిల్లల చేతా కొలిపించండి. కిటికీకి తెర గుడ్డ కొనాలన్నా, గదిలో మంచం పడుతుందో లేదో చూడాలన్నా ఇక ఏ టేపూ వెతుక్కోనక్కర్లేదు.