సెకనులో లక్షో వంతును పట్టే పెట్టె

బ్లాక్ హోల్ దగ్గరికి వచ్చిన పదార్థం నేరుగా అందులో పడిపోదు. జంట నక్షత్రం నుంచి లాగేసిన వాయువు దాని చుట్టూ పళ్లెంగా పరుచుకుని తిరుగుతుంది. పొరలు ఒకదాన్నొకటి రాసుకుని, లోపలి అంచున కోటి డిగ్రీలు దాటి కాగి ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది. ఇంత దూరం నుంచి ఆ పళ్లేన్ని ఫొటో తీయలేం. కానీ వెలుగు ఏ క్షణాన ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో తెలిస్తే చాలు, లోపలి ప్రవాహం గుట్టు బయటపడుతుంది. ఆ పని కోసం తయారైందే మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని లాక్స్‌పీసీ పరికరం.

దీని పూర్వీకులు హైదరాబాద్ ఆకాశంలో ఎగిరారు. ఎక్స్ కిరణాలను గాలి మింగేస్తుంది కనుక ముంబై టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గ్జెనాన్ వాయువు నింపిన పరికరాలను ఇక్కడి తమ బెలూన్ కేంద్రం నుంచి పైకి పంపేవారు. 1996లో ఐఆర్ఎస్-పీ3 ఉపగ్రహంతో చిన్న పరికరం ఒకటి కక్ష్యకు చేరింది. చివరికి 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ30 ఆస్ట్రోశాట్‌ను 650 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది.

లాక్స్‌పీసీ అంటే మూడు పెట్టెలు. ఒక్కోదానిలో కిరణాలను పట్టే భాగం మీటరు పొడవు, 36 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు. నిండా గ్జెనాన్, మధ్యలో వరసలుగా సన్నని తీగలు. ఎక్స్ కిరణం గ్జెనాన్ పరమాణువును తాకి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. అది అధిక వోల్టేజీ ఉన్న తీగ వైపు దూసుకుపోతూ దారిలో మరెన్నో ఎలక్ట్రాన్లను లేపుతుంది. తీగలో చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. అది వచ్చిన సమయాన్ని సెకనులో లక్షో వంతు కచ్చితత్వంతో పరికరం రాసుకుంటుంది.

ఈ కచ్చితత్వానికి అసలు పరీక్ష పెట్టినది జీఆర్ఎస్ 1915+105. 1992లో దొరికిన ఈ బ్లాక్ హోల్ బరువు సుమారు 12 సూర్యులంత. దాని వెలుగు కొన్నిసార్లు నిమిషానికి అటూఇటూగా ఒకసారి ఎగిసి పడుతూ ఉంటుంది. ఆ గీత ఈసీజీని పోలి ఉంటుంది కాబట్టి శాస్త్రవేత్తలు దాన్ని గుండె చప్పుడు అనే పిలుస్తారు. పళ్లెం లోపలి భాగంలో వాయు పీడనాన్ని కాంతి పీడనం మించితే, పుట్టే వేడి చల్లారే వేగాన్ని దాటిపోతుంది. పళ్లెం ఉబ్బుతుంది, పదార్థం గబగబా లోపలికి జారిపోతుంది, ఆ భాగం ఖాళీ అవుతుంది. బయటి నుంచి మళ్లీ నిండాక కథ మొదటికొస్తుంది. ఇలాంటి అస్థిరత ఉంటుందని శాస్త్రవేత్తలు లైట్‌మన్, ఎర్డ్‌లీ 1974లోనే లెక్కగట్టి చెప్పారు.

2017 పరిశీలనల్లో లాక్స్‌పీసీ ఇంకా వేగమైన కంపనాన్నీ పట్టింది: సెకనుకు 67 నుంచి 72 సార్లు. సెకనులో 67వ వంతులో కాంతి వెళ్లేది దాదాపు 4,500 కిలోమీటర్లే. అంతకంటే పెద్ద ప్రాంతం ఒక్క తాళంలో మినుకుమనలేదు. అంటే ఆ వెలుగు బ్లాక్ హోల్ అంచు చుట్టుపక్కల నుంచే వస్తోంది. నన్ను ఈ లెక్క ఎప్పుడూ కట్టిపడేస్తుంది. ఒక్క ఫొటో కూడా లేకుండా, కేవలం సమయంతో అంత దూరాన ఉన్న చోటుకు కొలత వేయగలిగాం.

2018లో వాయువు కారిపోయి ఒక పెట్టె ఆగిపోయింది. మరోదాని తీరు కూడా మారింది. గుండె చప్పుడు గురించిన చిక్కుముడి ఒకటి మాత్రం అలాగే ఉంది. 1974 నాటి లెక్క ప్రకారం బాగా ప్రకాశించే బ్లాక్ హోల్స్ చాలావరకు ఇలాగే కొట్టుకోవాలి. కానీ ఆ చప్పుడు వినిపించేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగతావాటిని నిలకడగా ఉంచుతున్నది అయస్కాంత క్షేత్రమా, పళ్లెం నుంచి లేచే గాలులా అన్నది ఇంకా తేలలేదు. ఆస్ట్రోశాట్ సమాచారాన్ని ఇస్రో అందరికీ తెరిచింది కాబట్టి, ఏ కాలేజీ విద్యార్థి అయినా దాన్ని దించుకుని ఈ ప్రశ్న మీద పని మొదలుపెట్టవచ్చు.