చూపు లేనివారికి వెబ్‌సైటు అందుతోందా?

చూపు లేనివారు కంప్యూటరు, సెల్‌ఫోను ఎలా వాడతారని చాలామందికి సందేహం. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ కంప్యూటరుకు ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది.

చిక్కంతా వెబ్‌సైటు తయారుచేసేవారి దగ్గరే ఉంది. గుంటూరు మిర్చి యార్డు ధరల పట్టికను ఎవరైనా ఫోటో తీసి పెట్టారనుకోండి. చూపు పోయిన రైతుకు "ఇమేజ్" అన్న ఒక్క మాటే వినిపిస్తుంది. అదే టైపు చేసి పెడితే తేజ ఎంత పలికిందో, 341 రకం ఎంత పలికిందో ఎవరినీ అడగకుండా తెలుసుకుంటాడు.

మన భాషకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లు కంటికి తెలుగే గాని, లోపల ఉండేవి వేరే గుర్తులు. స్క్రీన్ రీడరు వాటిని అర్థంలేని శబ్దాలుగా చదువుతుంది. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ లేదు. (శుభలేఖలు, సంఘ పత్రికలు వేయించేవారు కూడా ఈ మాట గమనించాలి.)

జిన్నింగు మిల్లులో వేళ్లు పోగొట్టుకున్నవారికి మౌసు పట్టడం కష్టం. కీబోర్డుతోనే ఫారం అంతా నింపే వీలుండాలి. వినికిడి లేనివారికి వీడియో కింద అక్షరాలు కావాలి.

ఇది చిన్న విషయం కాదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. యూడీఐడీ కార్డుకు దరఖాస్తు ఆన్‌లైనులోనే. ఫారం తాను నింపుకోలేని మనిషి ఇంటర్నెట్ షాపులో తన జబ్బు, ఆధార్ నంబరు, ఓటీపీ అన్నీ పరాయివారికి చెప్పుకోవాలి. బ్యాంకు కేవైసీలో కన్ను ఆర్పి చూపమంటే, కన్నే లేనివారు ఏం చేస్తారు? యాసిడ్ దాడికి గురైనవారు, ఒక అంధ న్యాయవాది ఇదే అడిగారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి, కన్ను ఆర్పడానికి బదులు వేరే పద్ధతులు ఉంచాలని ఆదేశించింది.

ఇంట్లో చూపు తగ్గినవారుంటే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. సెట్టింగులలో యాక్సెసిబిలిటీ కింద ఆన్ చేయండి. ఆన్ చేశాక ఫోను పాడైందని కంగారుపడకండి. ఒకసారి తాకితే పేరు చదువుతుంది, రెండుసార్లు వెంటవెంటనే తట్టితే తెరుచుకుంటుంది. పేజీ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి.