తెల్లకోటుకు దొంగతూకం

ముందు ఒక చిన్న లెక్క. వ్యాసరచనలో ఒక అమ్మాయికి నూటికి నూరు వచ్చాయి. మొదటిసారి పరీక్ష రాసిన ఒక అబ్బాయికి 76. ఇద్దరి మార్కులనూ 0.8తో గుణించారు: ఆమెకు 80, అతనికి 60.8. తర్వాత అబ్బాయికి 20 మార్కులు కలిపారు. అమ్మాయికి ఏమీ కలపలేదు. 76 వచ్చినవాడు ముందుకెళ్లాడు, నూరు వచ్చిన పిల్ల వెనకబడింది.

టోక్యో మెడికల్ యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రెండో దశలో మార్కులు వేసిన పద్ధతి ఇదే. 2018 ఆగస్టులో బయటపడింది. ఆ ఏడాది అక్కడ సీట్లు వచ్చిన అబ్బాయిలు 141 మంది, అమ్మాయిలు 30 మంది. పెళ్లి, కాన్పు అంటూ లేడీ డాక్టర్లు మధ్యలో మానేస్తారన్న భయమే దీనికి కారణమని తేలింది. డ్యూటీ గంటలు సరిచేయాల్సినవాళ్లు మార్కులు సరిచేశారు. ఆ ఏళ్లలో సీటు రాలేదని కుమిలిపోయిన పిల్లల్లో ఎంతమంది తప్పు తమదే అనుకున్నారో!

ప్రవేశపరీక్ష కాలేజీల చేతిలో ఉంది. చదువు చివర రాసే డాక్టరు లైసెన్సు పరీక్ష ప్రభుత్వానిది. ఏటా ఫిబ్రవరిలో రెండు రోజులు, 400 ప్రశ్నలు. రోగి ప్రాణం మీదికి తెచ్చే ‘నిషిద్ధ’ జవాబులు కొన్నింటికి మించి ఎంచుకుంటే, మిగతా మార్కులు ఎన్ని వచ్చినా ఫెయిలే. అంత కఠినమైన పరీక్షలో ఏళ్ల తరబడి ఉత్తీర్ణత శాతం అమ్మాయిలదే ఎక్కువ. తేడా పెద్దదేమీ కాదు. అన్యాయపు వడపోతను దాటివచ్చినవాళ్లు కాబట్టి కాస్త ముందుంటారని అనవచ్చు, అందులో నిజం ఉండవచ్చు కూడా. అయితే ఆ మాట ఒప్పుకుంటే, గడప దగ్గరే ఆగిపోయినవాళ్లలో ఎంతమంది మంచి డాక్టర్లను జపాన్ పోగొట్టుకుందో కూడా ఒప్పుకోవాలి.

ఈ లైసెన్సు కోసం అక్కడి ఆడవాళ్ల పోరాటం పాతదే. 1851లో పుట్టిన ఒగినో గింకోకు భర్త వల్ల గనేరియా సోకింది. విడాకులయ్యాయి. వైద్యానికి వెళితే పరీక్షించేవాళ్లంతా మగవాళ్లే. సిగ్గుతో చితికిపోయిన ఆమె, మరో ఆడదానికి ఈ బాధ ఉండకూడదని తానే వైద్యం చదివింది. పరీక్ష రాస్తానంటే ఆడవాళ్లు రాసిన దాఖలా లేదని దరఖాస్తు తిప్పికొట్టారు. పట్టువిడవకుండా తిరిగి, 1885లో పాసై, ప్రభుత్వ లైసెన్సు పొందిన తొలి మహిళా డాక్టరైంది.

ఇక ఆ మార్కుల మోసం కేసులో, టోక్యో మెడికల్ యూనివర్సిటీ 27 మంది మహిళలకు దాదాపు 1.8 కోట్ల యెన్‌లు చెల్లించాలని 2022లో కోర్టు తీర్పిచ్చింది. అంతకుముందే, 2021 ప్రవేశాల్లో దేశంలోని 81 వైద్యవిద్యాలయాలను కలిపి చూస్తే, పోటీపడిన అబ్బాయిల్లో 13.51 శాతం మందికి, అమ్మాయిల్లో 13.6 శాతం మందికి సీట్లు వచ్చాయి. లెక్కలున్న 2013 నుంచి అమ్మాయిలు ముందుండటం అదే మొదటిసారి. చదువు ఆరేళ్లు. ఆ పిల్లలు లైసెన్సు పరీక్షకు కూర్చోవలసింది 2027 ఫిబ్రవరిలో.