నాలుగో పక్క

చిట్టితల్లీ, పొద్దుటినుంచీ ఆ ముక్కతో గోళ్లు రుద్దుకుంటున్నావు కదా, ఒకసారి ఇలా ఇయ్యి. నెయిల్ బఫర్ అంటారా దీన్ని? పక్కలన్నీ తడిమి చూడు. ఒకటి గరుకు, ఇంకోటి కాస్త మెత్తన, మరోటి బట్టంత నునుపు. నువ్వు రంగు వెయ్యలేదు, నూనె రాయలేదు. అయినా గోరు తళతళలాడుతోంది. ఎక్కణ్ణుంచి వచ్చిందా మెరుపు?

గోరంటే కెరటిన్ అనే ప్రోటీన్. మన జుట్టూ, ఆవు డెక్కా కూడా ఆ సరుకే. చూపుకి నున్నగా ఉన్నా గోరు మీద సన్నని గట్లుంటాయి. వాటి మీద పడ్డ వెలుతురు తలో దిక్కుకీ చెదిరిపోతుంది, అందుకే మసగ్గా కనిపిస్తుంది. గరుకు పక్క ఆ గట్లను అరగదీస్తుంది, కానీ తన గీతలు వదిలిపోతుంది. దాని గీతల్ని రెండోది, రెండోదాని గీతల్ని మూడోది చెరిపేస్తాయి. కంటికి ఆననంత సన్నమయ్యాక వెలుతురు చెదరకుండా ఒక్క దిక్కుకే తిరిగొస్తుంది. గ్రానైట్ బండకి పాలిష్ పట్టేవాళ్లు చేసేదీ ఇదే. రోజూ మాత్రం రుద్దకమ్మా, గోరు పలచబడిపోతుంది.

ఇంత చిన్న వస్తువు మీద అమెరికాలో రెండు కంపెనీలు అయిదేళ్లు కోర్టులో పోట్లాడుకున్నాయి. ఈజిప్షియన్ గాడెస్ అనే కంపెనీ ఒక బఫర్‌కి డిజైన్ పేటెంట్ తీసుకుంది. డిజైన్ పేటెంట్ అంటే వస్తువు చేసే పనికి కాదు, దాని రూపానికి దక్కే హక్కు. వాళ్ల బఫర్ నలుచదరపు బోలు గొట్టం. మూడు పక్కల రుద్దే మెత్తలు, నాలుగో పక్క ఖాళీ. స్విసా అనే కంపెనీ అలాంటి గొట్టాన్నే అమ్మింది, కాకపోతే నాలుగు పక్కలా మెత్తలు పెట్టింది. మా రూపం దొంగిలించారని మొదటివాళ్లు 2003లో టెక్సస్ కోర్టుకెక్కారు.

అప్పటికి కోర్టులు రెండు ప్రశ్నలు వేసేవి. మామూలు కొనుగోలుదారు చూపుకి రెండూ ఒకేలా ఉన్నాయా? ఇది వెండి చెంచాల పిడుల మీద నడిచిన గోరమ్ కేసులో, 1871 నాటి పాత ప్రశ్న. రెండోది, ఆ డిజైన్‌లో కొత్తదనం ఏ ఒక్కచోట ఉందో సరిగ్గా దాన్నే కాపీ కొట్టారా? ఈ రెండో ప్రశ్న దగ్గరే చిక్కంతా. ఒక రూపంలో నాలుగైదు అంశాలు కలిసి ఉంటే కొత్తదనం ఫలానా చోటే ఉందని వేలు పెట్టి ఎలా చూపిస్తాం? ముగ్గులో ఏ చుక్క వల్ల అందం వచ్చిందో చెప్పగలమా?

కింది కోర్టులో ఈజిప్షియన్ గాడెస్ ఓడింది. అప్పీలు విన్న ఫెడరల్ సర్క్యూట్ కోర్టులో చివరికి న్యాయమూర్తులందరూ కలిసి కూర్చుని, 2008 సెప్టెంబర్ 22న తీర్పు చెప్పారు. రెండో ప్రశ్నను పూర్తిగా తీసేశారు. ఇకమీదట మామూలు కొనుగోలుదారు చూపు ఒక్కటే కొలబద్ద. అయితే ఆ చూపు అంతకుముందు వచ్చిన వస్తువుల్ని ఎరిగినదై ఉండాలి.

నాకెంతో నచ్చిన మాట ఇది. మామిడిపళ్లు ఎరగనివాడికి చిన్నరసం, పెద్దరసం ఒకటే. రోజూ బజారులో ఏరి కొనే మీ నాయనమ్మకి అలాక్కాదు. పండు మారలేదు, చూసే కన్ను మారింది.

ఆ కంటితో న్యాయమూర్తులు పాత బఫర్లను ముందు పెట్టుకుని చూశారు. నెయిల్కో వాళ్లది మూడు పలకల బోలు గొట్టం, అన్ని పక్కలా మెత్తలు. అంటే బోలు గొట్టమూ కొత్త కాదు, దాని పక్కలకి మెత్తలంటించడమూ కొత్త కాదు. అంత దగ్గరదగ్గరగా ఉన్న వస్తువుల మధ్య ఒక పక్క ఖాళీగా ఉందా నిండుగా ఉందా అన్నది చిన్న తేడా కాదు. కాబట్టి స్విసాది కాపీ కాదన్నారు. చూశావా, అడ్డమనుకున్న ప్రశ్నను కోర్టు చేత తీయించుకుని కూడా ఈజిప్షియన్ గాడెస్ కేసు ఓడిపోయింది. నాకు ఆ కంపెనీ మీద జాలి వేసింది గానీ, తీర్పు మాత్రం న్యాయమైనదే.

2012లో ఆపిల్, శాంసంగ్ ఫోన్ల రూపం గొడవ జ్యూరీ ముందుకొచ్చినప్పుడు కూడా వాడిన కొలబద్ద ఆ మామూలు కొనుగోలుదారు చూపే. ఇదిగో తీసుకో నీ బఫర్. దీనికి నాలుగు పక్కలా మెత్తలున్నాయి, గమనించావా?