హైదరాబాద్ పోలీసు జట్టు

హుస్సేనీ ఆలం, చార్మినార్ వంటి పాతబస్తీ ప్రాంతాలకు కావలి కాసిన హైదరాబాద్ నగర పోలీసు శాఖకు ఒకనాడు దేశాన్నే జయించిన ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఆట ఒక్కటే కూడు పెట్టని ఆ రోజుల్లో పోలీసు కొలువే క్రీడాకారులకు జీవనాధారం. స్వతహాగా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వారికి శిక్షకుడు. బంతిని పట్టుకొని వేలాడక సహచరునికి వెంటనే అందించాలనీ, వాటంలేని కాలితోనూ తన్నడం అలవరచుకోవాలనీ ఆయన బోధించేవాడు. ఫలితం అద్భుతం! 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు ఈ జట్టుదే. అయితే పెద్ద క్లబ్బుల ఆకర్షణ బలమైనది. తులసీదాస్ బలరాం 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్‌కు తరలివెళ్ళాడు. 1963లో రహీం మరణించాడు. ఆ పూర్వవైభవం మరి తిరిగి రాలేదు.