పురపాలన – పసిబిడ్డల సంరక్షణ

2020 మార్చి చివర కోవిడ్ కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు మూతపడినవి కళాశాలలు, కర్మాగారాలు మాత్రమే కావు. పసిపిల్లలను కొన్ని గంటలపాటు చూచుకొనే అంగన్‌వాడీలు కూడ మూతపడినవి. సరకులు ఇండ్లకు చేరినవి గాని బిడ్డనెత్తుకొనే చేతులు చేరలేదు. ఆ కేంద్రాలను తిరిగి తెరవవలెనని 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. తల్లి పనికి పోక తప్పని ఇండ్లలో ఆ మధ్యకాలమంతా బిడ్డను చూచినదెవరు? ఆన్‌లైన్ తరగతులు చెప్పిన అధ్యాపకులకు సమాధానం తెలుసు. హాజరు పిలువగానే విద్యార్థిని గొంతుతోపాటు చంటిబిడ్డ ఏడుపు వినవచ్చేది. మరుక్షణమే మైకు మూగవోయేది. కళాశాల తెరచిన తరువాత కూడ అట్టివారి స్థానాలు కొన్ని చాలకాలం ఖాళీగానే ఉన్నవి.

మన ప్రాంతంలో ఈ సమస్య కంటికి కనబడకపోవడానికి కారణమున్నది. పొరుగున ఉన్న నరసాపురం లేసు అల్లికను పరిశీలించిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్, 1982లో వెలువడిన తన గ్రంథంలో ఒక సత్యం చెప్పినది. రోజంతా అల్లినను ఆ స్త్రీలను శ్రామికులుగా కాక, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే లోకం లెక్కించినదట. ఇంట కూర్చున్నది గనుక బిడ్డను ఆమెయే చూచుకొంటుందని అందరి ఊహ. ఒక చేత కుట్టుసూది, మరొక చేత ఉయ్యాల తాడు! రొయ్యల షెడ్లకు, వరిచేలకు పోయేవారికి ఆపాటి వీలు కూడ లేదు.

అంగన్‌వాడీ ఉన్నది కదా యని కొందరనవచ్చును. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం చేసిన మేలు తక్కువది కాదు. అయితే దాని ప్రధాన దృష్టి పోషణపై. మూడేండ్లలోపు బిడ్డకు అక్కడ దొరికేది ఇంటికి తీసుకొనిపోయే ఆహారమే గాని రోజంతా ఉండే చోటు కాదు. 50 మందికి తక్కువ కాకుండ ఉద్యోగులున్న సంస్థలు శిశుసంరక్షణాలయం ఏర్పరచవలెనని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినారు. కూలికి, ఇంటిపనికి పోయే తల్లికి అట్టి సంస్థ ఎక్కడిది? ఈ లోటు తీర్చడానికే కేంద్రప్రభుత్వం 2022లో 'పాల్నా' పథకం తెచ్చినది. ఉర్దూ చదివినవారికి ఈ పేరు ముచ్చటగా ఉంటుంది. ఆ మాటకు ఊయల యని, పెంచుట యని రెండర్థాలు. ఆరు నెలల నుండి ఆరేండ్ల వరకు గల బిడ్డలను నెలకు 26 దినాలు, దినానికి ఏడున్నర గంటలు చూచుకొనుట దాని నియమం.

అమెరికాలో 2021 మార్చినాటి చట్టం శిశుసంరక్షణకు సుమారు 3,900 కోట్ల డాలర్లు కేటాయించినది. నగరాలకు వేరుగా అందిన సహాయనిధి నుండి కూడ కొన్ని నగరపాలికలు ఇందుకు వెచ్చించినవి. ఆ 3,900 కోట్లలో పెద్దభాగానికి 2023 సెప్టెంబరుతో గడువు తీరినది. తాత్కాలిక నిధితో నిలిపిన ఊయలకు తరువాత తాడెవరు పట్టవలెనన్న చర్చ అక్కడ బయలుదేరినది.

మన పురపాలక సంఘాల సంగతి విచిత్రం. 1992లో రాజ్యాంగానికి చేర్చిన పదకొండవ షెడ్యూలులో గ్రామపంచాయతీల 29 అంశాలలో స్త్రీ శిశు అభివృద్ధి స్పష్టంగా ఉన్నది. పట్టణాలకు చెందిన పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలున్నవి: వీధిదీపాలున్నవి, శ్మశానాలున్నవి, పశువధశాలలున్నవి, పసిబిడ్డ పేరు లేదు. బలహీన వర్గాల ప్రయోజన రక్షణ యను అంశం క్రింద దీనిని చేర్చుకొనుటకు అడ్డేమీ కనబడదు. అయితే పేరు లేని పనికి బడ్జెటులో పద్దు దొరకడం కష్టమని కార్యాలయాల తీరు తెలిసినవారెరుగుదురు.

కళాశాల కమిటీ పెద్దలు పాలకొల్లు పురపాలక సంఘానికి ఈ విషయమై విజ్ఞాపన వ్రాయదలచినచో, గదికన్న ముందు వేళలను గూర్చి వ్రాయవలెనని నా మనవి. షెడ్డు పని కార్యాలయపు గడియారం చూచి మొదలు కాదు. తెల్లవారగనే తలుపు తెరవని సంరక్షణాలయం ఎంత చక్కగా ఉన్నను, మొదటి పీరియడు వేళకు బిడ్డ అక్క చంకలోనే ఉంటుంది.